తాతకు ఘంటసాల, నాన్నకు ఇళయరాజా, అబ్బాయికి కొరియన్ పాటలు: ఇది తరాల తేడానా, పెంపకమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీరు బెంగళూరులో మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. మీకు 42 ఏళ్లు. ఒంగోలు నుంచి వచ్చి మీతో ఉంటున్న నాన్నగారికి 72. ఆయన పొద్దున లేస్తూనే ఘంటసాల పాటలు గట్టిగా పెడతారు. మీకేమో చిన్నప్పుడు బాబాయి టేప్‌రికార్డర్‌లో విన్న ఇళయరాజా పాటలంటే ప్రాణం. మీ అబ్బాయికి 13. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లే, వినేవన్నీ కొరియన్, ఇంగ్లిష్ పాటలు. పాటల విషయంలో తాతకూ మనవడికీ రోజూ గొడవ, మధ్యలో మీకు టెన్షన్. "ఇది తరాల తేడానా, నా పెంపకంలో లోపమా? వాడికి మన పాటల మీద ఇష్టం కలిగించే దారి ఉందా? సంగీతం క్లాసులో చేర్పించమంటారా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీ పెంపకంలో లోపం ఏమీ లేదు. పాట మనసుకు బాగా పట్టే వయసు దాదాపు అందరికీ ఒకటే. ఏ పాట పడుతుందన్నది మాత్రం ఆ వయసులో, అంతకు ముందు, మన చుట్టూ ఎవరున్నారు, ఏం వినపడుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ ముగ్గురికీ జరిగింది ఒకటే. మీ అబ్బాయికి మీ పాటలు దగ్గరయ్యే దారి ఉంది. అది క్లాసు కాదు. ఇంట్లో అందరి చెవినా ఒకే పాట పడే సమయం రోజులో కాస్తయినా ఉండాలి. ఇదివరకు అది ఎవరూ ప్రయత్నించకుండానే ఉండేది, ఇప్పుడు మనం కల్పించుకుంటే తప్ప ఉండడం లేదు.

నేను బెంగళూరులో చాలా ఏళ్లుగా గాత్రం నేర్పుతున్నాను. మొదట మల్లేశ్వరంలో, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు. ఆరేళ్ల పిల్లల దగ్గర్నుంచి రిటైరైనవాళ్ల దాకా వస్తారు. కొత్తగా ఎవరు చేరినా నేను మొదట అడిగే మాట "చిన్నప్పుడు మీ ఇంట్లో పాటలు ఎవరు పెట్టేవాళ్లు, ఎవరు పాడేవాళ్లు?" అని. ఏ రాగం తెలుసో, ఎంతవరకు నేర్చుకున్నారో తర్వాత అడుగుతాను. ఆ ఒక్క జవాబుతో ఆ మనిషికి ఏది తొందరగా వస్తుందో, ఏది కష్టమవుతుందో నాకు చాలావరకు తెలిసిపోతుంది.

వయసు సంగతి ముందు చూద్దాం. అమెరికాలో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. 1930ల నుంచి 1980ల దాకా వచ్చిన పాటల ముక్కలను రకరకాల వయసులవాళ్లకు వినిపించి ఏది ఎంత నచ్చిందో అడిగారు. సగటున చూస్తే, తమకు ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లు ఉన్నప్పుడు వచ్చిన పాటలే వాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నచ్చాయి. ఆ తర్వాతి పరిశోధనల్లో ఆ అంకె కొంచెం అటూ ఇటూ అయినా, పదిహేనుకు కాస్త ముందు నుంచి పాతికేళ్ల దాకా అన్న మాట నిలబడింది. ఎందుకంటే ఆ వయసులో జరిగేవన్నీ మొదటిసారి జరిగేవే. ఇల్లు వదిలి హాస్టల్‌కు వెళ్లడం, ప్రాణస్నేహితుడు దొరకడం, ఒకరిని ఇష్టపడి చెప్పలేకపోవడం, మొదటి జీతం. జ్ఞాపకాలు చిక్కగా నిలిచే కాలం అది. అప్పుడు చెవిన పడిన పాట ఆ జ్ఞాపకాలతో కలిసిపోయి ఉండిపోతుంది.

మీ నాన్నగారి లెక్క వేసి చూడండి. ఆయన 1950ల్లో పుట్టి ఉంటారు. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. అప్పటికి మీ నాన్నగారికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. అంటే ఆయన కుర్రతనమంతా ఘంటసాల గొంతు మీదే నడిచింది. ఇంకో సంగతి కూడా ఉంది. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే, జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. చివరకు 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. మీ నాన్నగారికి ఊహ తెలిసేనాటికి రేడియోలో సినిమా పాట ఉంది కానీ, దానికి ఒక వేళ ఉండేది. ఆ వేళకు అందరూ ఒక చోట చేరాలి. ఇంట్లో రేడియో లేకపోతే పక్కింట్లోనో, టీ కొట్టు దగ్గరో వినాలి. వీధిలో పెళ్లయితే మైకుసెట్టు. ఆ తరం దృష్టిలో పాటంటే నలుగురూ కలిసి వినేది. అందుకే ఆయన ఇల్లంతా వినపడేలా పెడతారు. అది చాదస్తం కాదు, మనవడిని సతాయించడమూ కాదు. మీ అబ్బాయికి పాట అంటే తన చెవుల్లో, తనకు మాత్రమే వినపడేది. మీ ఇంట్లో గొడవ ఘంటసాలకూ కొరియన్ పాటలకూ మధ్య అని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం వినే పద్ధతుల మధ్యనే అనిపిస్తోంది.

ఇక మీ సంగతి. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. వయసు లెక్క ప్రకారం మీకు ప్రాణం కావాల్సింది తొంభైల చివర, రెండువేల మొదట్లో వచ్చిన పాటలు. కానీ మీరు ఇళయరాజా అంటున్నారు. ఆ పాటలు వచ్చేనాటికి మీకు ఐదారేళ్లు ఉంటాయేమో. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: బాబాయి టేప్‌రికార్డర్. అవి బాబాయి వయసుకు పట్టిన పాటలు, బాబాయి ద్వారా మీకు వచ్చాయి.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. కార్నెల్ యూనివర్సిటీలో క్రమ్‌హాన్సల్, జుప్నిక్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవై ఏళ్ల కాలేజీ పిల్లలకు గత యాభై ఏళ్ల హిట్ పాటలు వినిపించారు. తమ కాలం పాటలు నచ్చడంలో వింత లేదు. కానీ తమ తల్లిదండ్రులు కుర్రవాళ్లుగా ఉన్న 1980ల మొదటి పాటల దగ్గర కూడా ఇష్టం, జ్ఞాపకాలు మళ్లీ ఎగిశాయి. 1960ల పాటల దగ్గర ఇంకోసారి. ఆ పిల్లలు పుట్టకముందు పాటలవి. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకుని వింటుంటే పక్కన ఆడుకుంటూ విన్నవి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

క్యాసెట్ కాలంలో దీనికి ఇంకో బలం ఉండేది. మీకు గుర్తుండే ఉంటుంది, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని, పాటల లిస్టు కాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్లు. ఒక వైపు ముప్పై నిమిషాలు, ఆరేడు పాటలు. ఇంట్లో ఉన్నవే పది పదిహేను క్యాసెట్లు. కాబట్టి విన్నవే వినడం, అదే వరుసలో వినడం. ఈ వయసువాళ్లు నా క్లాసులో ఒక పాట పల్లవి పూర్తి చేయగానే, దానికి ఏ సంబంధమూ లేని ఇంకో పాట ఎత్తుకుంటారు. ఎందుకని అడిగితే "మా క్యాసెట్‌లో దీని తర్వాత అదే వచ్చేది టీచర్" అంటారు. పదే పదే విన్నది నచ్చుతుందని జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. మీ బాబాయి దగ్గర పాటలు తక్కువగా ఉండడమే మీకు మేలు చేసింది.

మాతృభాషను బట్టి పాట మీద ఇష్టం వస్తుందని చాలామంది అంటారు. బెంగళూరులో ఇన్నేళ్లు ఉన్నాక నేను దాన్ని ఒప్పుకోను. చిక్‌పేట, నగర్తపేట వైపు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మల్లేశ్వరంలో నా దగ్గరకు వచ్చిన పాత విద్యార్థులు ఎక్కువమంది వాళ్లే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, త్యాగరాజ కీర్తన తెలుగులో చక్కగా పలుకుతారు, కానీ నోటుబుక్కులో రాసుకునేది కన్నడ లిపిలో. వాళ్లను మీకు ఇష్టమైన సినిమా పాట పాడమంటే హీరో రాజ్‌కుమార్‌కు పి.బి. శ్రీనివాస్ పాడిన కన్నడ పాట ఎత్తుకుంటారు. ఆ పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టిన తెలుగువాడు. ఉద్యోగాల కోసం గుంటూరు నుంచో కర్నూలు నుంచో ఈమధ్య వచ్చిన తెలుగువాళ్లకు అదే గొంతులో అదే పాట వినిపిస్తే "బాగుంది" అంటారు, అంతే. భాష ఒకటే, గాయకుడు మనవాడే, పాటా ఒకటే. పాత బెంగళూరు వాళ్లకు అది వీధిలో, థియేటర్‌లో, గణేశ పందిట్లో విన్న పాట. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ బాల్యం వేరే ఊళ్లో గడిచింది. మీ అబ్బాయి కూడా బెంగళూరు పిల్లవాడు. వాడి స్కూల్లో, బస్సులో, అపార్ట్‌మెంట్ కింద ఆడుకునేచోట నాలుగైదు భాషలవాళ్లు ఉంటారు. అందరికీ ఉమ్మడిగా దొరికే పాట ఇంగ్లిషో కొరియనో అవుతుంది. వాడి పాటల్లో వాడి స్నేహితులు ఉన్నారు. "అదేం పాటరా" అని తాత అంటే వాడికి పాటను అన్నట్టు వినపడదు, స్నేహితులను అన్నట్టు వినపడుతుంది.

పెంపకం పాత్ర ఎంత ముందు నుంచి మొదలవుతుందో కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో 2013లో చేసిన ఒక పరిశోధనలో, నెలలు నిండే రోజుల్లో తల్లులు ఒక చిన్న బాణీని వారానికి ఐదుసార్లు వింటే, పుట్టాక ఆ పిల్లల మెదడు ఆ బాణీని గుర్తుపట్టింది, నాలుగు నెలల తర్వాత కూడా. ఇంకోటి, హానన్, ట్రెహబ్ అనేవాళ్లు 2005లో చేసింది. బాల్కన్ దేశాల సంగీతంలో ఏడు మాత్రల లయలు మామూలు. అమెరికా, కెనడా పిల్లలు వాటిని వినరు. అయినా ఆరు నెలల పిల్లలు ఆ లయ తప్పితే పసిగట్టారు. ఏడాది నిండేసరికి తమ ఇంట్లో వినే లయల్లో తప్పునే పట్టగలిగారు, ఏడు మాత్రల లయలో పట్టలేకపోయారు. రెండు వారాలు ఇంట్లో ఆ సంగీతం వినిపిస్తే మళ్లీ పట్టగలిగారు. పెద్దవాళ్లకు అదే పద్ధతిలో వినిపిస్తే పెద్దగా ఫలితం లేదు.

ఇది చదవకముందే నేను దీన్ని క్లాసులో చూస్తున్నాను. మిశ్ర చాపు తాళం ఉంది, ఏడు అక్షరాలు, తకిట తకధిమి. పసితనంలో ఇంట్లో నానమ్మో అమ్మో కీర్తనలు పాడుతుంటే విన్న పిల్లలు ఆ తాళానికి చేయి వేయడానికి ఆలోచించరు. లెక్క అడిగితే చెప్పలేరు కానీ చేయి సరిగ్గా పడుతుంది. ముప్పై దాటాక మొదలుపెట్టినవాళ్లు, లెక్కల్లో ఆరితేరిన ఇంజనీర్లు సైతం, ఏడు దగ్గర ఆగకుండా తెలియకుండానే ఎనిమిదోది కలిపేస్తారు. వాళ్లు వింటూ పెరిగిన సినిమా పాటలు ఎక్కువగా నాలుగు, ఎనిమిది లెక్కలో నడిచినవి. నెలల తరబడి చెప్తే వస్తుంది. వచ్చాక కూడా పెదవుల మీద లెక్క కదులుతూనే ఉంటుంది.

ఇదంతా విని ఇప్పుడు మించిపోయిందేమో అని కంగారు పడకండి. లయ, శ్రుతి పట్టుకునే నేర్పుకు పసితనం ముఖ్యం. పాట మీద మమకారానికి మీ అబ్బాయి ఇప్పుడున్న వయసు ముఖ్యం. పదమూడంటే ఆ కాలం ఇప్పుడే మొదలవుతోంది.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. అంతా పెంపకమే కాదు. స్వీడన్ కవలల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2025లో వచ్చింది. సంగీతం వల్ల కలిగే ఆనందంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చేవే అని అందులో తేలింది. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఒకే ఇల్లు, ఒకే అమ్మ పాట. పెద్దది పాట వినపడితే చేస్తున్న పని వదిలేసి వస్తుంది. చిన్నదానికి శ్రుతి చక్కగా ఉంది, చెప్పినది చెప్పినట్టు పాడుతుంది, కానీ క్లాసు అయిపోయాక ఎప్పుడూ దాని నోట కూనిరాగం వినలేదు. బొమ్మలు వేయడమంటే దానికి ప్రాణం. వాళ్ల అమ్మకు నేనే చెప్పి మాన్పించాను. మిగతా అన్నిట్లో మామూలుగా ఉండి, సంగీతం ఒక్కటి మాత్రం ఏ ఆనందమూ ఇవ్వనివాళ్లు కూడా కొద్దిమంది ఉంటారు. మీ అబ్బాయి అలాంటివాడు కాడు. పొద్దస్తమానం పాటలు వింటున్నాడు. మీ ఇంట్లో సగం పని అప్పుడే అయిపోయింది.

ఇక చేయాల్సింది.

వాడి పాటతో మొదలుపెట్టండి. రాత్రి భోజనం దగ్గరో, కారులోనో, ఫోన్ స్పీకర్‌కు కలిపి ఒక్కొక్కరు ఒక్కో పాట పెట్టండి. మొదటి పాట వాడిది. నాన్నగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి: పాట అయ్యేదాకా ఎవరూ ఏమీ అనకూడదు. నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి ఇంట్లో ఇలా చేశారు. వాళ్ల నానమ్మ మనవరాలి కొరియన్ పాట చివరిదాకా విని, "ఇందులో వాడు ఎందుకంత దిగులుగా పాడుతున్నాడే?" అని అడిగారట. ఆ పిల్ల అర్ధగంట కూర్చుని పాట అర్థమంతా చెప్పింది. తర్వాతి వారం ఆ పాటను క్లాసుకు పట్టుకొచ్చింది. అందులో ఒక ముక్క అచ్చంగా ఐదు స్వరాల మీద నడుస్తోంది. అవే స్వరాలతో మోహన రాగం పాడి చూపించాను. కొరియా, చైనా, స్కాట్లాండ్ జానపదాల్లో కూడా ఈ ఐదు స్వరాల వరుసలు కనిపిస్తాయి. ఆ రోజు నుంచి మోహనంలో ఏది పాడినా ఆ పిల్ల చెవులు రిక్కించి వింటుంది.

మీరు పాడండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పాట పెట్టి వాడి ముఖంలోకి చూస్తూ కూర్చుంటే వాడికి పరీక్షలా ఉంటుంది. మీరు వంటింట్లో పని చేసుకుంటూనో, బట్టలు మడతపెడుతూనో మీ ధోరణిలో మీరు పాడుకోండి. గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు. ఇన్నేళ్లలో పెద్దవాళ్లయిన విద్యార్థులు "మా నాన్న ఈ పాట పాడేవాడు" అని మురిపెంగా చెప్పుకున్నారు. "మా నాన్న ఈ పాట పెట్టేవాడు" అన్నవాళ్లు కూడా ఉన్నారు కానీ, ఆ మాటలో అంత ఆపేక్ష ఉండదు.

నాన్నగారి పొద్దుటి పాటలను ఆపించకండి. కాస్త తగ్గించి పెట్టమనండి, చాలు. మీ అబ్బాయి విసుక్కుంటూనే స్కూలుకు తయారవుతాడు, విసుక్కుంటూనే వింటాడు. ఇప్పుడు అది వాడికి ఇష్టమైన పాట కాకపోవచ్చు. కానీ వాడి ఇంటి చప్పుళ్లలో అది ఒకటి. ముప్పై ఐదేళ్ల వయసులో మొదటిసారి నా దగ్గరకు వచ్చి "మా తాతయ్య వినే పాటలు నేర్పండి" అని అడిగినవాళ్లు చిన్నప్పుడు అందరూ విసుక్కున్నవాళ్లే. మీ నాన్నగారు ఆ పాట మొదట ఎక్కడ విన్నారో, ఎవరితో విన్నారో ఒకసారి మీరే అడగండి, మీ అబ్బాయి ఆ గదిలో ఉన్నప్పుడు. వాడిని పిలిచి కూర్చోబెట్టక్కర్లేదు.

వీలైతే శ్రీరామనవమి రోజుల్లో చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీ రామసేవా మండలి కచేరీలకు తీసుకెళ్లండి. 1939 నుంచి జరుగుతున్నవి. పందిట్లో కచేరీ కాబట్టి మధ్యలో వచ్చినా, లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈ వయసు మగపిల్లలు ఆలాపన దగ్గర దిక్కులు చూస్తారు కానీ, తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటుంటే ముందుకు వంగి కూర్చుంటారు. వాడికి అది నచ్చితే అక్కడితో చాలు. పాట సంగతి తర్వాత చూసుకోవచ్చు.

క్లాసు గురించి. ఇప్పుడు మీ అంతట మీరు చేర్పించకండి. నేర్చుకోవడం, ఇష్టపడడం వేరు వేరు. నా దగ్గరకు వచ్చిన ఒకావిడకు చిన్నప్పుడు తెల్లవారుజామున లేపి, తిట్టి, సరళీ స్వరాలు పాడించేవాళ్లట. పెద్దయ్యాక తనంతట తాను నేర్చుకుందామని వచ్చింది. మాయామాళవగౌళ ఎత్తుకోగానే కడుపులో తిప్పినట్టుంటుందని చెప్పింది. మొదటి పాఠాలన్నీ ఆ రాగంలోనే కాబట్టి వాటిని కొన్ని నెలలు పక్కన పెట్టి, వాళ్లమ్మ శుక్రవారాలు పాడే మంగళహారతితో మొదలుపెట్టాం. రెండో ఏడు గానీ సరళీ స్వరాల దగ్గరకు రాలేకపోయాం.

మీ అబ్బాయి తనే అడిగితే వెంటనే చేర్పించండి. గిటార్ అంటే గిటార్, డ్రమ్స్ అంటే డ్రమ్స్. "ముందు కర్ణాటక సంగీతం రెండేళ్లు నేర్చుకో, ఆ తర్వాత నీ ఇష్టం" అని షరతు పెట్టకండి. చేర్పించే ముందు ఒకసారి ఆ మాస్టారితో మాట్లాడి, పిల్లలు తమకు నచ్చిన పాట తెచ్చుకుంటే దాన్ని నేర్పుతారా అని కనుక్కోండి. నేర్పనంటే వేరేచోట చూడండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు క్లాసులకు కొదవ లేదు, వెతికితే మంచివాళ్లు దొరుకుతారు.